కాళ్ళకు కుర్చీలు

నిలబడి చేసే పనికి కుర్చీ ఎందుకని అడిగిన మేనేజరు ఆ మాట కుర్చీలో కూర్చునే అడిగాడు. చక్రాల మీద తిరిగే ఆఫీసు కుర్చీ. అడుగుతూ ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిరిగాడు కూడా. ఎదురుగా నిలబడ్డ ఆడవాళ్ళలో ముందున్న మనిషి చూపు ఆ చక్రాల మీదే ఉండిపోయింది.

ఆమెని కార్ఖానాలో అందరూ మైకు అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు, ఆమె పలుకుతుంది. గొంతు అలాంటిది. చొక్కాలు కుట్టే మిషన్లన్నీ ఒక్కసారిగా మోగుతున్నా ఆ చివర ఆమె తుమ్మితే ఈ చివర తెలుస్తుంది. ఆమెది చెకింగు పని. కుట్టి వచ్చిన చొక్కాని బల్ల మీద పరిచి, కాలరు తిప్పి చూసి, చంక కుట్టు లాగి చూసి, కాజాలో గుండీ దూర్చి తీసి, వేలాడే దారపు కొసల్ని వేలికి తగిలించుకున్న చిన్న కత్తెరతో తెంపి అవతలికి తోస్తుంది. అవతల వైపు ఆమె పిన్ని ఉంటుంది. తల్లికి స్వయానా చెల్లెలు. పిన్నిది మడత పని. తోసిన చొక్కాని బోర్లా వేసి, వీపు మీద అట్టముక్క పెట్టి, చేతులు వెనక్కి విరిచి, అరచేత్తో ఒక్క రాపు రాసి దొంతరలో పెడుతుంది. పొద్దున గంట కొట్టినప్పుడు ఆ బల్లకి ఇటొకరు అటొకరు నిలబడితే, సాయంత్రం గంట కొట్టేదాకా నిలబడే ఉంటారు. హాల్లో మిషన్ల మీద కుట్టేవాళ్ళు తప్ప మిగతా అందరిదీ అదే కథ.

స్టూళ్ళు అడగడం ఇది మొదటిసారి కాదు. కానీ ఈసారి ఆగడానికి వీల్లేదు. పిన్ని కాళ్ళు వాచిపోతున్నాయి. మధ్యాహ్నానికి చెప్పుల పట్టీలు మాంసంలోకి దిగుతున్నాయి. పోయిన వారం ఆమె బల్ల అంచుకి తుంటి ఆనించి మడతలు పెడుతుంటే సూపర్‌వైజరు చూశాడు. గంటగంటకీ ఎన్ని చొక్కాలు అయ్యాయో అరిచి చెప్తాడని అతన్ని గంటయ్య అంటారు. ఇంకోసారి ఆనుకుంటే ఇక ఇంటిదగ్గరే గోడకి ఆనుకోవచ్చు పెద్దమ్మా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తీసేసేవాళ్ళు ఎప్పుడూ నవ్వుతూనే చెప్తారు.

మేనేజరు అంతా ఓపిగ్గా విన్నాడు. కూర్చుంటే చెయ్యి నెమ్మదిస్తుందన్నాడు. కూర్చున్న మనిషికి పక్కవాళ్ళతో కబుర్లు గుర్తొస్తాయన్నాడు. అసలు మీ బాధ స్టూళ్ళది కాదు, ఒత్తిడిది అని తేల్చాడు. దానికి తగిన ఏర్పాటు చేశానన్నాడు. రేపట్నుంచి యోగా టీచరమ్మ వస్తుంది. ఒళ్ళు విరిచి చెమటలు పట్టించే యోగా కాదు. విశ్రాంతి యోగా. దిండ్లు, దుప్పట్లు, అన్నీ ఆమే తెస్తుంది. భోజనం గంటలోంచి అరగంట దానికి. శుక్రవారం సరుకు కొనే కంపెనీవాళ్ళు వస్తారు, వాళ్ళకి ఇలాంటివంటే ఇష్టం, ఫోటోలు తీసుకుంటారు.

"సార్, మేం కూర్చుంటామంటే మీరు పడుకోమంటున్నారు" అంది మైకు.

"అదేనమ్మా. ఇంకా మంచిది కదా" అన్నాడు మేనేజరు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. అదీ ఒళ్ళు మండే సంగతి.

మర్నాడు అట్టపెట్టెలు పేర్చే గదిలో సగం ఖాళీ చేశారు. నేల ఊడ్చారు. టీచరమ్మ స్కూటరు వెనక తాడేసి కట్టిన మూటలు విప్పి లోపలికి మోసింది. సన్నటి మనిషి. హెల్మెట్టు నొక్కిన చోట జుట్టు అణిగిపోయి ఉంది. ఒక్కొక్కరికీ ఒక చాప, ఒక పొడుగు దిండు, రెండు దుప్పట్లు ఇచ్చింది. తర్వాత మేనేజరు తాళం తీయిస్తే మీటింగు గదిలోంచి మడత కుర్చీలు వచ్చాయి. ఇనప కాళ్ళు, మెత్తటి సీట్లు. ఆడవాళ్ళే చంకన పెట్టుకుని మోసుకొచ్చారు. ఇన్ని కుర్చీలు ఈ కట్టడంలో ఉన్నాయని వాళ్ళకి ఇన్నాళ్ళూ తెలియదు.

టీచరమ్మ చేసి చూపించింది. నేల మీద వెల్లకిలా పడుకుని, పిక్కలు రెండూ కుర్చీ సీటు మీద పెట్టాలి. మోకాళ్ళు వంగి ఉండాలి, నడుము నేలకి ఆనాలి. తల కింద దుప్పటి మడత. కళ్ళ మీద గుడ్డ. గాలి పీల్చేటప్పుడు పట్టించుకోవద్దు, వదిలేటప్పుడు మాత్రం నెమ్మదిగా, బరువు దింపినట్టు వదలాలి. అంతే. ఇంకేమీ చేయకూడదు.

"కాళ్ళకైతే కుర్చీలున్నాయన్నమాట. పిర్రలకే లేవు" అంది మైకు. ఆమె పడుకోలేదు. చేతులు కట్టుకుని గోడ దగ్గర నిలబడింది. నేను పడుకోను, చూస్తాను, చూడకూడదని రూలుంటే చెప్పండి అంది. టీచరమ్మ రూలేమీ లేదంది.

మిగతావాళ్ళు పడుకోబోయారు గానీ చేతులు ఊరుకోలేదు. దుప్పటి మడవమంటే అందరూ చొక్కా మడిచినట్టు అంచుకి అంచు చేర్చి, అరచేత్తో రాసి, పక్కామెది తమదానికన్నా వెడల్పుగా ఉందేమో చూసుకున్నారు. ఇస్త్రీ చేసే ఆమె దిండు కుట్టు వేలితో తడిమి, ఒకచోట కుట్టు జారిందని పట్టుకుని, ఊడిన దారాన్ని పంటితో తెంపింది. ఎట్టకేలకు అందరూ కాళ్ళు పైకి పెట్టి కళ్ళ మీద గుడ్డలు వేసుకున్నారు. గది సద్దుమణిగింది. అలా సద్దుమణిగిందో లేదో గుండీలు కుట్టే పిల్ల చెయ్యెత్తింది.

"అయిపోయిందండీ."

"ఏమిటమ్మా అయిపోయింది?"

"విశ్రాంతి. తర్వాతది ఇవ్వండి."

వెంటనే ఇంకో చెయ్యి లేచింది. నాది ఆమెకన్నా ముందే అయింది, చెప్పలేదంతే, అంది ఆ చెయ్యి. తర్వాత వరసగా చేతులు. టీచరమ్మ పెదవి కొరుక్కుంది. ఇందులో అయిపోవడం లేదమ్మా, దీన్ని ఎవరూ లెక్కపెట్టరు, అని మెల్లిగా చెప్పింది. వాళ్ళు నమ్మలేదు. లెక్కపెట్టని పని వాళ్ళెప్పుడూ చూడలేదు.

అంతలో గుమ్మం దగ్గర గంటయ్య చెప్పుల చప్పుడైంది. అంతే, పడుకున్నవాళ్ళంతా ఒక్క ఊపున లేచి కూర్చున్నారు. కళ్ళగుడ్డలు ఒళ్ళో పడ్డాయి. ఎవరూ లేవమనలేదు. ఆ చప్పుడు వింటే వెన్ను దానంతటదే నిటారు అవుతుంది. టీచరమ్మ లేచి వెళ్ళి, ఈ తలుపు మూసి ఉండాలండీ అని గంటయ్య మొహం మీదే తలుపు వేసింది. అది మైకుకి నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే చిరాకేసింది.

అందరిలోకీ చెప్పింది చెప్పినట్టు చేసింది పిన్ని ఒక్కతే. చప్పుడైనా ఆమె లేవలేదు. టీచరమ్మ ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వాచిన కాళ్ళ కింద ఇంకో దుప్పటి దూర్చి, చీలమండలు ఒకదానికొకటి తగలకుండా సర్ది, ఒక చెయ్యి కాసేపు పిక్క మీద ఉంచింది. కాసేపటికి పిన్ని నోరు తెరుచుకుంది. దవడ వేలాడింది. మైకు గోడ దగ్గర నుంచి కదలకుండా చూసింది. పగటి వెలుతురులో పిన్ని నిద్రపోయిన మొహం తను ఎప్పుడూ చూడలేదు. నుదుటి మీద ముడతలు అలాగే ఉన్నాయి గానీ వాటిని పట్టుకున్న చెయ్యేదో వదిలేసినట్టుంది.

గంట కొట్టారు. కుర్చీలు మడిచి మళ్ళీ మీటింగు గదిలో పెట్టి తాళం వేశారు. బల్ల దగ్గర మొదటి చొక్కా తోస్తూ మైకు ఎలా ఉందని అడిగింది. పిన్ని తేలిగ్గా ఉందే అంది. వాళ్ళకి కావలసింది కూడా అదే, తేలిగ్గా ఉందని మనచేత అనిపించడం, అంది మైకు.

ఆ సాయంత్రం మైకు మెట్లు దిగి పిన్ని గదికి వెళ్ళింది. ఇద్దరి ఇళ్ళూ ఒకే మేడలో, పిన్ని కింద, మైకు పైన. పిన్ని నేల మీద పడుకుని వంటింటి కుర్చీ మీదికి కాళ్ళెత్తి పెట్టుకుంది. కళ్ళ మీద అంట్లు తుడిచే గుడ్డ ఉంది. ఉతికిందిలే, కంగారుపడకు, అంది. మైకు పక్కన కూర్చుని పిన్ని చీలమండ పైన బొటనవేలితో నొక్కింది. నొక్కినచోట గుంట పడింది. రోజూ ఆ గుంట అలాగే ఉండిపోయేది. ఇవాళ మెల్లిగానైనా పూడింది. మైకు రెండో కాలూ నొక్కి చూసింది. అక్కడా పూడింది. పిన్ని చీర అంచుని చీలమండల మీదికి లాగి కప్పేసింది. కొన్ని సంగతులు ఒప్పుకుంటే ఉద్యమం నష్టపోతుందని ఆమెకి ఒక భయం.

మర్నాటికి గదిలో చేతులెత్తడం తగ్గింది. ఆ తర్వాతి రోజు ఎవరూ ఎత్తలేదు. టీచరమ్మ ఆ రోజు ఇంకోటి నేర్పింది. పొడుగు దిండుని తొడల మధ్య పెట్టుకుని, దాని మీదికి బోర్లా ఒరిగి, చెంప ఆనించి పడుకోవడం. దిండుని కావిలించుకోండి, మీ బరువు మీరు మోయకండి, అది మోస్తుంది, అంది. ఇస్త్రీ ఆమె అలా ఒరిగిన కాసేపటికి ఏడ్చింది. ఏడుపు పెద్దదేం కాదు, భుజాలు మాత్రం కదిలాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. టీచరమ్మ ఆమె వీపు మీద దుప్పటి కప్పి అక్కడే కూర్చుంది. లేచాక ఇస్త్రీ ఆమె, ఏమో ఊరికే వచ్చింది, వాకిలి తెరిచి ఉంటే పిల్లి వచ్చినట్టు, అని అందరినీ నవ్వించింది. మైకు మాత్రం గోడ దగ్గరే ఉంది. ఎడమ మోకాలు లోపల సలుపుతోంది. బరువు కుడి కాలి మీదికి మార్చింది. కుడి పాదం మండింది. మళ్ళీ ఎడమకి మార్చింది. టీచరమ్మ అది చూసింది. చూసి, ఖాళీగా ఉన్న ఒక చాపని గోడ వైపు కాస్త జరిపి, ఇంకొకరి దుప్పటి సర్దడానికి వెళ్ళింది.

క్లాసు అయ్యాక మైకు ఆమెకి దిండ్లు స్కూటరుదాకా మోసిపెట్టింది. సాయానికి కాదు, ఒక మాట చెప్పడానికి. రేపు ఫోటోలవాళ్ళు వచ్చినప్పుడు ఎవరూ పడుకోకుండా చూస్తానంది. అందరం నిటారుగా నిలబడతాం, మాకు కావలసింది ఇది కాదని తెలియాలి. మీ మీద కోపం లేదు, ముందే చెప్పడం మర్యాదని చెప్తున్నానంతే.

టీచరమ్మ తాడు బిగిస్తూ వింది. తర్వాత సంచీలోంచి డబ్బా తీసి మూత తెరిచి నిలబడే తినడం మొదలుపెట్టింది. ఇక్కడినుంచి ఇంకో ఆఫీసుకి వెళ్ళాలట, అక్కడినుంచి ఇంకోచోటికి.

"మీకు కావలసింది స్టూళ్ళే" అంది నోట్లో ముద్దతో. "మొదటి రోజే మేనేజరుగారికి చెప్పాను. అంతా విని, దుప్పట్లు ఇంకొన్ని కావాలా అని అడిగారు."

మైకుకి నవ్వొచ్చింది. ఆపుకుంది. "మరి ఎందుకొస్తున్నారు?"

"నాకు పని కావాలి కాబట్టి. ఇంకోటి, మీ పిన్నిగారి కాళ్ళ కోసం. స్టూలు వచ్చేదాకా ఆ కాళ్ళు ఆగవు కదా."

మైకు ఆమె చేతిలోని డబ్బా వైపు చూసింది. మీరైనా కాస్త కూర్చుని తినొచ్చుగా అంది. టీచరమ్మ చుట్టూ చూసింది. గేటు, గోడ, పార్కింగు, చెత్తడబ్బా. ఎక్కడ, అన్నట్టు కనుబొమలెత్తింది. ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఆమె డబ్బా ఖాళీ అయ్యేదాకా మైకు స్కూటరు హ్యాండిలు పట్టుకుని తోడుంది. వెళ్ళబోతూ టీచరమ్మ, మీరు ఆఖరిసారి పిడికిళ్ళు విప్పి పడుకున్నదెప్పుడో గుర్తుందా అంది. మైకు తన చేతుల వైపు చూసుకుంది. రెండూ మూసే ఉన్నాయి. కత్తెర అలవాటులెండి అంది.

సాయంత్రం అందరూ పిన్ని గదిలో చేరారు. మంచం పట్టెల మీద ఇద్దరు, గుమ్మంలో ఒకరు, మిగతావాళ్ళు నేల మీద ఒరుసుకుని కూర్చున్నారు. మైకు నిలబడి చెప్పింది. రేపు టీచరమ్మ పడుకోమనగానే ఎవరూ పడుకోకూడదు. చాపల పక్కన నిలబడాలి. ఫోటోలవాళ్ళ ముందు నేను మాట్లాడతాను. తల ఊపినవాళ్ళు ఊపారు. గుండీల పిల్ల నేల గీకుతూ, రేపొక్కరోజే కదా, అంది. పడుకోవడం మానాలంటే ఆ పిల్లకి మనసొప్పలేదని అందరికీ తెలిసింది.

పిన్ని అప్పటిదాకా మాట్లాడలేదు. కాళ్ళు కుర్చీ మీదే ఉన్నాయి.

"నిలబడటం మనం రోజూ చేసేదే కదే. ఆ మేనేజరు కోసమే చేస్తున్నాం. రేపు ఇంకాసేపు నిలబడితే వాడికేం నొప్పి?"

పిన్ని మోచేతుల మీద కాస్త లేచింది.

"పడుకుందాం. టీచరమ్మ చెప్పినట్టే బుద్ధిగా పడుకుందాం. గంట కొడతారు చూడు, అప్పుడు లేవొద్దు. కళ్ళ మీద గుడ్డ కూడా తియ్యొద్దు. అప్పటికి క్లాసు అయిపోతుంది కాబట్టి ఆవిడ మీద మాట రాదు. ఆ కుర్చీలు మా బల్లల దగ్గరికి పంపితేనే లేస్తామందాం."

ఇస్త్రీ ఆమె ముందు నవ్వింది, తర్వాత నవ్వు మింగి, ఇది బాగుంది అంది. మైకు మొహం మాడింది. ఆమె ఇన్నాళ్ళూ ఎన్ని పథకాలు వేసింది. ఒక్కదాంట్లోనూ పడుకోవడం లేదు. కానీ ఎంత వెతికినా పిన్ని మాటలో కుట్టు జారినచోటు కనపడలేదు.

"మాట్లాడేది మాత్రం నేనే" అంది చివరికి.

"నువ్వు కాక ఇంకెవరే. కానీ నువ్వూ పడుకోవాలి. గోడ దగ్గర నిలబడితే గంటయ్య నిన్ను ఏదో పని మీద ముందే బయటికి పంపేస్తాడు. మేనేజరు వచ్చాక లేచి మాట్లాడు."

పైకి వెళ్ళాక మైకు ప్రసంగం తయారుచేసుకుంది. ఆమె మొగుడు గోడలకి రంగులు వేసే మనిషి. గోళ్ళ సందుల్లో ఎండిన సున్నం గీక్కుంటూ కూర్చుంటే అతనికి మొత్తం అప్పజెప్పింది. అయ్యా, మా కాళ్ళు కూడా మనుషుల కాళ్ళే, అని మొదలవుతుంది. మధ్యలో మంచి పోట్లున్నాయి. అతను మొత్తం విని, బాగుంది, కాస్త పొడుగైంది, అన్నాడు. ఏది తీసెయ్యాలో చెప్పు అంటే, నాకెందుకొచ్చిన గొడవ అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

శుక్రవారం కొనే కంపెనీవాళ్ళు వచ్చారు. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి, కెమెరా పట్టుకున్న ఇంకొకరు. మేనేజరు వాళ్ళకి హాలంతా చూపించి అట్టపెట్టెల గదికి తీసుకొచ్చాడు. ఆడవాళ్ళంతా చాపల మీద ఉన్నారు. మైకు కూడా గోడ పక్కనున్న చాప మీద కూర్చుని ఉండటం చూసి మేనేజరు మొహం వెలిగింది. గంటయ్యకి మాత్రం అనుమానమేసింది. ఆమె వైపు రెండుసార్లు చూశాడు.

టీచరమ్మ అందరినీ పడుకోమంది. మైకు పడుకుంది. పిక్కలు కుర్చీ మీద పెట్టింది. సీటు మెత్తగా ఉంది. ఇంత మెత్తటిదాని మీద ఊరికే మీటింగుల్లో కూర్చుంటారన్నమాట, అనుకుని దాన్ని కూడా ప్రసంగంలో ఎక్కడ దూర్చాలా అని చూసింది. కళ్ళ మీద గుడ్డ పడింది. చీకటి. కెమెరా క్లిక్కుమంటోంది. అయ్యా, మా కాళ్ళు కూడా మనుషుల కాళ్ళే. ఈ కాళ్ళ మీదే మీ కార్ఖానా.

టీచరమ్మ అడుగులు దగ్గరికొచ్చి ఆగాయి. తల కింద దుప్పటి కాస్త పైకి జరిగింది. మెడ కింద ఎప్పుడూ ఖాళీగా ఉండే చోటు నిండింది. మైకుకి అక్కడ అంత ఖాళీ ఉందని ఇప్పటిదాకా తెలియదు. తర్వాత రెండు చేతులు ఆమె కుడి పిడికిలిని అందుకున్నాయి. విప్పమని లాగలేదు. ఊరికే కింద చెయ్యి పెట్టి మోశాయి. కొంతసేపటికి వేళ్ళు ఒక్కొక్కటే తమంతట తాము విచ్చుకున్నాయి. నడుము నేలకి ఆనింది. సలిపే మోకాలు సలపడం మానేసింది. మానేశాక ఆ నొప్పి ఎంతుండేదో తెలిసింది.

ఈ కాళ్ళ మీదే మీ కార్ఖానా నిలబడి ఉంది. నిలబడి ఉంది కాబట్టి. గాలి వదిలేటప్పుడు నెమ్మదిగా అంటోంది ఎవరో. ఉంది కాబట్టి, మేము. పక్కన పిన్ని ఊపిరి వినిపిస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది. గంట కొట్టగానే లేవకూడదు. మేనేజరు రాగానే లేవాలి. మధ్యలో ఏదో ఉంది, అది చెప్పాలి. బరువు దింపినట్టు.

ఆమె కళ్ళు తెరిచేసరికి గుడ్డ పక్కకి జారిపోయి ఉంది. కప్పులోని రేకులు కనిపించాయి. కాళ్ళు ఇంకా పైనే ఉన్నాయి. ఛాతీ మీద రెండు దుప్పట్లున్నాయి, తను కప్పుకోలేదు. చెంప మీద చొంగ ఎండింది. గదిలో ఇంకెవరూ లేరు. చాపలన్నీ చుట్టేసి ఉన్నాయి. కుర్చీలు లేవు, తన కాళ్ళ కిందది తప్ప.

గుమ్మం దగ్గర గంటయ్య నిలబడి ఉన్నాడు. లేచావా అక్కా, అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు. లేపొద్దన్నారు, నిన్ను కదిపితే మళ్ళీ పడుకుంటామన్నారు, అని అదేదో తనకి జరిగిన అన్యాయంలా చెప్పాడు.

మైకు కుర్చీని చంకన పెట్టుకుని, జుట్టు కూడా సర్దుకోకుండా హాల్లోకి పరుగెత్తింది. గుమ్మంలోనే ఆగిపోయింది. హాలు మారిపోయినట్టుంది. ఏం మారిందో ఒక్క క్షణం అర్థం కాలేదు. తలలన్నీ కిందికి దిగి ఉన్నాయి. ఎప్పుడూ భుజాల వరస కనిపించే ఎత్తులో ఇప్పుడు కిటికీలు కనిపిస్తున్నాయి. అందరూ కూర్చుని ఉన్నారు. కూర్చుని కత్తిరిస్తున్నారు, గుండీలు కుడుతున్నారు, మడుస్తున్నారు. ఇస్త్రీ ఆమె మాత్రం కూర్చుని ఇస్త్రీ చేయడం కుదరక నిలబడే చేస్తోంది గానీ, కుర్చీని పక్కనే ఉంచుకుని ఒక కాలు దాని మీద పెట్టుకుంది.

ఏం జరిగిందో ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పారు. గంట కొట్టారట. ఎవరూ కదల్లేదట. గంటయ్య పేరుపేరునా పిలిచాడట. ఇంకోసారి గంట కొట్టించాడట. కొనే కంపెనీ ఆడమనిషి ఇదంతా క్లాసులో భాగమనుకుని, ఎంత బాగా విశ్రాంతి తీసుకుంటున్నారని మెచ్చుకుందట. మేనేజరు ముందు నవ్వాడట, తర్వాత వంగి మెల్లిగా, ఏం కావాలి మీకు, అన్నాడట. అప్పుడు అందరూ మైకు లేస్తుందని ఆగారు. మైకు లేవలేదు. ఎదురుచూశారు. అప్పుడు గురక వినిపించింది.

"గురకా?" అంది మైకు.

"మామూలు గురకా అది. అందుకే కదా నీకు ఆ పేరు" అంది గుండీల పిల్ల.

"లేపలేదేం మరి. నేను మాట్లాడాల్సింది."

గుండీల పిల్ల పిన్ని వైపు చూసింది. మేనేజరు కూడా లేపమనే అన్నాడట, ఆవిడతో మాట్లాడి తేలుస్తానని. చుట్టూ ఉన్నవాళ్ళు చెయ్యి చాపబోయారట కూడా. పిన్ని కళ్ళ మీద గుడ్డ తియ్యకుండానే, పడుకున్నచోటు నుంచే చెప్పిందట.

"ఆ పిల్లని లేపకండి సార్. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. ఏమున్నా నాతో చెప్పండి."

తర్వాత కుర్చీల సంగతి అడిగిందట. మేనేజరు వచ్చినవాళ్ళ వైపు చూసి, కుర్చీల వైపు చూసి, సరే, ఇవాళ్టికి, అన్నాడట. సరే, ఇవాళ్టికే, అని పిన్ని కాళ్ళు దింపిందట. అంతే. ప్రసంగం లేదు, నినాదం లేదు. కుర్చీలు చంకన పెట్టుకుని వచ్చేశారు.

మైకు తన బల్ల దగ్గరికి వచ్చింది. అవతల వైపు పిన్ని కూర్చుని మడతలు పెడుతోంది. చొక్కాలు చాలా ఆగి ఉండాలి, కానీ ఆగలేదు. కాజాలు చూసే ఇంకో అమ్మాయి తన దాంతోపాటు మైకుదీ చెక్ చేసి తోస్తోంది. మైకు రాగానే పక్కకి జరిగింది.

"ఇవాళ్టికే అంటే ఒప్పుకుంటావా పిన్నీ? రేపు మళ్ళీ తాళం వేస్తారు."

"వేస్తే మళ్ళీ పడుకుంటాం. చేతకానిదేం కాదుగా."

"ఎన్ని చెప్పాలనుకున్నానో. మొదలు నుంచి చివరిదాకా నోటికొచ్చు నాకు."

"నాకు చెప్పు. మడతలు పెడుతూ వింటా."

మైకు కుర్చీ తెరిచి బల్ల ముందు వేసింది గానీ కూర్చోలేదు. దాని వైపు చూసింది, బల్ల వైపు చూసింది. బల్ల నిలబడినవాళ్ళ ఎత్తుకి చేసింది. కుర్చీ మీటింగుకి చేసింది. కూర్చున్నవాళ్ళందరి మోచేతులూ చెవుల దగ్గరికి లేచి ఉన్నాయి. పిన్ని గడ్డం దాదాపు చొక్కా కాలరుకి తగులుతోంది. ఇలా చేస్తే వారం తిరక్కుండా భుజాలు పట్టేస్తాయి. అప్పుడు మేనేజరు, చూశారా కూర్చుంటే నొప్పులొస్తాయి అంటాడు. బల్లల కాళ్ళన్నా కోయించాలి, లేదా ఎత్తు స్టూళ్ళన్నా కావాలి. ఆమె గొంతు సవరించుకుంది. హాల్లో కొన్ని తలలు లేచాయి. గంటయ్య గుమ్మంలో ఆగాడు.

"అమ్మాయ్" అంది పిన్ని, తల ఎత్తకుండా. "అది నాకూ కనిపించింది. రేపు అడుగుదాం. ముందు కూర్చో."

మైకు కూర్చుంది. కూర్చున్నాక చొక్కా లాక్కుని కాలరు తిప్పింది. చేతులు మామూలుగానే పని చేశాయి. కాళ్ళకే ఏం చేయాలో తోచలేదు. ఇటు మడిచింది, అటు జరిపింది, చివరికి బల్ల కిందికి చాపింది. అక్కడ చీకట్లో ఒక పాదం తగిలింది. చెప్పు విడిచిన పాదం, వెచ్చగా, మెత్తగా. పిన్నిది. పిన్ని పాదం వెనక్కి తీసుకోలేదు. మైకు కూడా తీసుకోలేదు. చంక కుట్టు లాగి చూసి, దారం తెంపి, చొక్కాని అవతలికి తోసింది.